ఆయువు లెక్క ఎవరి చేతిలో?

రక్తపు చుక్క, ఈసీజీ గీతలు, ఆసుపత్రి రికార్డులు చదివి మనిషి ఇంకెన్నాళ్లు బతుకుతాడో అంచనా కట్టడం నేర్చుకుంటోంది కృత్రిమ మేధ. ఆ అంచనా ఎలా పుడుతుంది? ఎంతవరకు నమ్మొచ్చు? దాన్ని ఎవరి చేతిలో పెట్టాలి?

డెన్మార్క్‌లో ప్రతి పౌరుడికీ ఒక నంబరు ఉంటుంది. 1968లో మొదలైన ఆ నంబరు చుట్టూ మనిషి జీవితమంతా పోగవుతుంది. చదువు, ఉద్యోగం, జీతం, కాపురమున్న ఊరు, ఏ జబ్బుతో ఏ రోజు ఆసుపత్రికి వెళ్లాడన్నది... అన్నీ తేదీలతో సహా ప్రభుత్వ గణాంక శాఖ దగ్గర ఉంటాయి. డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో సూనె లేమన్ బృందం దాదాపు 60 లక్షల మంది వివరాలను, ఎవరెవరో తెలియకుండా చేసి, ఒక కృత్రిమ మేధ నమూనా చేత చదివించింది. ఆ నమూనా పేరు లైఫ్‌టువెక్. ఫలితాలు 2023 డిసెంబరులో ‘నేచర్ కంప్యుటేషనల్ సైన్స్’ పత్రికలో వచ్చాయి.

చాట్‌జీపీటీ లాంటివి వాక్యంలో మాటల వరుస చూసి తర్వాత రాబోయే మాటను ఊహిస్తాయి. లైఫ్‌టువెక్‌కి మాటల బదులు జీవితంలోని సంఘటనలు ఇచ్చారు. ఉద్యోగం మారడం, జీతం పెరగడం, కాలు విరిగి ఆసుపత్రిలో చేరడం... ఒక్కో బతుకూ దానికి ఒక పొడవాటి వాక్యం. 2016కు ముందు జరిగినవి చదివించి, ఆ తర్వాత నాలుగేళ్లలో ఎవరు కన్నుమూస్తారో చెప్పమన్నారు. 35 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లను తీసుకుని, సగం మంది ఆ నాలుగేళ్లలో పోయినవాళ్లు, సగం మంది బతికున్నవాళ్లు ఉండేలా గుంపు కట్టి పరీక్ష పెట్టారు. నూటికి దాదాపు 78 సార్లు అది సరిగ్గా చెప్పింది. మంచి ఆదాయం, పదిమందిని నడిపించే ఉద్యోగం ఉన్నవాళ్లు బతికే వైపు, మగవాళ్లు, మానసిక వ్యాధి ఉందని తేలినవాళ్లు ప్రమాదం వైపు ఎక్కువగా మొగ్గారు.

‘మరణ తేదీ చెప్పే యంత్రం’ అంటూ వార్త ప్రపంచమంతా పాకింది. లైఫ్‌టువెక్ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పుట్టుకొచ్చాయి. వాటితో తమకు సంబంధం లేదనీ, అసలు నమూనా జనానికి అందుబాటులోనే లేదనీ పరిశోధకులు హెచ్చరించాల్సి వచ్చింది. చావు తేదీ తెలుసుకోవాలన్న ఆత్రం మనిషికి ఎంత ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే ఈ లెక్కల వెనక ఏముందో నిదానంగా చూడాలి.

78 అంటే ఎంత?

పరీక్ష కోసం కట్టిన గుంపులో సగం మంది చనిపోయినవాళ్లే. లోకం అలా ఉండదు. 50 ఏళ్ల వయసువాళ్లు వెయ్యిమంది ఉన్నారనీ, వచ్చే నాలుగేళ్లలో వాళ్లలో 20 మంది చనిపోతారనీ అనుకుందాం. పోయేవాళ్లనూ బతికేవాళ్లనూ నూటికి 78 సార్లు సరిగ్గా గుర్తించే యంత్రం ఉందనుకుందాం. అది ఆ 20 మందిలో 16 మందిని పట్టుకుంటుంది. కానీ మిగిలిన 980 మందిలో సుమారు 216 మందికి కూడా లేని ప్రమాదాన్ని అంటగడుతుంది. అంటే ‘మీకు ముప్పుంది’ అన్న కాగితం అందుకున్న 232 మందిలో నిజంగా పోయేది నూటికి ఏడుగురే. తక్కినవాళ్లు నాలుగేళ్లపాటు ఊరికే భయపడుతూ బతుకుతారు.

ఆ భయానికి ఖరీదు ఉంది. అనవసరపు స్కానింగులు, నిద్ర లేని రాత్రులు, వాయిదాపడే పెళ్లిళ్లు, చదువులు. మొబైల్‌లో ఒక యాప్ మన ఆయుష్షు ఇంత అని చూపించినప్పుడు మొదట అడగాల్సింది అది ఎంతమందికి సరిగ్గా చెప్పిందని కాదు, ఎంతమందిని ఉత్తినే భయపెట్టిందని.

మందికి కుదురుతుంది, మనిషికి కాదు

ఆయువుకు లెక్క కట్టడం కొత్త విద్య కాదు. తోకచుక్కతో మనకు పేరు తెలిసిన ఎడ్మండ్ హేలీ 1693లోనే బ్రెస్లా నగరపు జనన మరణాల చిట్టా తీసుకుని, ఏ వయసువాళ్లు ఎంతమంది ఎన్నాళ్లు బతుకుతారో పట్టిక వేశాడు. యూదుడు కావడంతో విశ్వవిద్యాలయంలో చదివే అవకాశం దక్కని బెంజమిన్ గొంపర్ట్జ్ సొంతంగా గణితం నేర్చుకుని 1825లో ఒక సూత్రం కనిపెట్టాడు. నడివయసు నుంచి చావు ప్రమాదం క్రమబద్ధంగా రెట్టింపవుతూ పోతుందన్నదే ఆ సూత్రం. ఈనాటి లెక్కల్లో అది సుమారుగా ఎనిమిదేళ్లకోసారి రెట్టింపు. జీవిత బీమా ప్రీమియం ఈనాటికీ ఈ దారిలోనే నడుస్తోంది.

బీమా కంపెనీకి లక్షమందిలో ఎంతమంది పోతారో తెలిస్తే చాలు, ఎవరు పోతారో అక్కర్లేదు. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క ఎలా తలకిందులవుతుందో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో తెలిసింది. 1965లో జాన్ కాల్మాన్ అనే 90 ఏళ్ల ఆవిడతో ఒక నోటరీ ఒప్పందం చేసుకున్నాడు. ఆవిడ బతికున్నంతకాలం నెలకు 2,500 ఫ్రాంకులు ఇస్తాడు, ఆవిడ తర్వాత ఆవిడ ఇల్లు అతనిది. అప్పటికి అతని వయసు 47. ఏ లెక్క ప్రకారం చూసినా లాభసాటి బేరమే. ముప్పై ఏళ్లు డబ్బు కట్టి 1995లో అతను కన్నుమూశాడు. కాల్మాన్ 1997 ఆగస్టు 4న, 122 ఏళ్ల 164 రోజుల వయసులో వెళ్లిపోయింది. రికార్డుల్లోకెక్కిన మానవ ఆయుష్షుల్లో అదే అత్యధికం.

మరి జన్యువులు చూసి చెప్పలేమా? డెన్మార్క్ కవలల మీద జరిగిన ప్రసిద్ధ అధ్యయనంలో మనుషుల ఆయుష్షుల మధ్య తేడాల్లో నాలుగో వంతుకు మాత్రమే జన్యువులు కారణమని తేలింది. తర్వాత కోట్ల మంది వంశవృక్షాలతో చేసిన మరో విశ్లేషణ దాన్ని ఇంకా తగ్గించింది. తాత నూరేళ్లు బతికాడన్నది మనవడికి హామీ పత్రం కాదు.

రక్తంలో దాగిన వయసు

జన్యువులు పుట్టుకతో వచ్చినవి, మారవు. వాటి మీద పడే గుర్తులు మాత్రం మారతాయి. డీఎన్‌ఏలో కొన్నిచోట్ల మిథైల్ అనే చిన్న రసాయన ముక్క అతుక్కుంటుంది, ఊడుతుంది. ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అన్నదాన్ని ఆ గుర్తులు ప్రభావితం చేస్తాయి. వయసుతోపాటు ఇవి ఒక పద్ధతిలో మారతాయని లాస్‌ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త స్టీవ్ హోర్వత్ చూశాడు. సుమారు 8,000 నమూనాలను కంప్యూటరుకు ఇచ్చి, వయసు చెప్పడానికి పనికొచ్చే 353 చోట్లను ఎంపిక చేయించాడు. 2013లో ప్రచురించిన ఆ ‘గడియారం’ రక్తమైనా, కాలేయమైనా, మెదడైనా వయసును మూడున్నరేళ్ల అటూఇటూలో చెప్పగలిగింది.

కానీ పుట్టిన తేదీ చెప్పడానికి రక్తపరీక్ష ఎందుకు? ఆధార్ కార్డు చాలు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలో ఎవరి శరీరం ముందు అరుగుతోందన్నదే అసలు ప్రశ్న. 2018లో వచ్చిన ‘ఫీనోఏజ్’ గడియారం పుట్టిన తేదీని వదిలి ఆరోగ్యాన్ని, మరణాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. దానికి పునాదిగా వాడిన తొమ్మిది కొలతలు మన ఊళ్ల ల్యాబుల్లో తీసేవే. తెల్లకణాలు, వాటిలో లింఫోసైట్ల శాతం, ఎర్రకణాల పరిమాణం, వాటి పరిమాణంలో తేడాలు సీబీపీ రిపోర్టులోనే ఉంటాయి. షుగర్, క్రియాటినిన్, అల్బుమిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, సీఆర్‌పీ కలిపితే తొమ్మిది.

2019లో వచ్చిన ‘గ్రిమ్‌ఏజ్’ ఇంకో అడుగు వేసింది. మనిషి ఎన్ని సిగరెట్లు కాల్చాడో డీఎన్‌ఏ గుర్తులను బట్టి అంచనా వేసింది. మనిషి తన నోటితో చెప్పిన లెక్క కన్నా డీఎన్‌ఏ చెప్పిన లెక్కే మరణాన్ని మెరుగ్గా పట్టిచ్చింది. ఊరటనిచ్చే సంగతీ ఉంది. పొగ మానేసినవాళ్లలో ఆ గుర్తుల్లో చాలావరకు ఏళ్లు గడిచేకొద్దీ వెనక్కి మళ్లుతాయి.

న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలను పరిశోధకులు ఈనాటికీ వెంటాడి చూస్తున్నారు. అందరికీ 38 ఏళ్లు వచ్చినప్పుడు కిడ్నీలు, ఊపిరితిత్తులు, చిగుళ్లు, కొలెస్ట్రాల్ వంటివన్నీ కొలిచి లెక్కగడితే కొందరి శరీరానికి 28 ఏళ్లు, కొందరికి 61 ఏళ్లు అని వచ్చింది. వీళ్ల నుంచే 2022లో ‘డునెడిన్‌పేస్’ అనే కొలత పుట్టింది. అది వయసును కాక, వయసు మీదపడే వేగాన్ని చెబుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకే రక్త నమూనాను రెండుసార్లు పరీక్షిస్తే కొన్ని గడియారాల్లో తొమ్మిదేళ్ల దాకా తేడా వచ్చిందని 2022లో పరిశోధకులు చూపించారు. లెక్కను సవరించే పద్ధతులు వచ్చినా, ఇంటికి తెప్పించుకునే కిట్ ‘మీ అసలు వయసు 44’ అంటే ఆ అంకెను పట్టుకుని సంబరపడటమో, కుంగిపోవడమో తగదు. రెండోది, గడియారాలకు తమలో తమకే పొత్తు కుదరదు. అమెరికాలో స్థూలకాయం లేని పెద్దలు రెండేళ్లపాటు తిండి తగ్గించుకున్న ప్రయోగంలో డునెడిన్‌పేస్ రెండు మూడు శాతం నెమ్మదించింది. ఫీనోఏజ్, గ్రిమ్‌ఏజ్ కదల్లేదు. గడియారం ముల్లును వెనక్కి తిప్పినంత మాత్రాన ఆయుష్షు పెరిగిందని ఇంకా ఎవరూ రుజువు చేయలేదు.

డాక్టరుకు కనిపించనిది

యంత్రం నిజంగా ఆశ్చర్యపరిచే చోటు ఈసీజీ. అమెరికాలోని గైసింగర్ వైద్యసంస్థ తన దగ్గరున్న లక్షల ఈసీజీలతో కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చి, ఏడాదిలోగా ఎవరికి ప్రాణాపాయం ఉందో చెప్పమంది. డాక్టర్లు ‘నార్మల్’ అని సంతకం చేసిన ఈసీజీల్లో కూడా అది ముప్పును పసిగట్టింది. ఆ తర్వాత హృద్రోగ నిపుణులు అవే ఈసీజీలను మళ్లీ చూసినా చాలావరకు తేడా వాళ్ల కంటికి ఆనలేదు. 2020లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. లండన్ ఇంపీరియల్ కాలేజీ బృందం 2024లో ప్రకటించిన ఇలాంటి నమూనా ‘ఎయిర్’ పది లక్షలకు పైగా ఈసీజీలతో తయారైంది.

కంటి వెనక పొర ఫొటో చూసి వయసునూ, రక్తపోటునూ, గుండెజబ్బు ముప్పునూ చెప్పొచ్చని గూగుల్ పరిశోధకులు 2018లో చూపించారు. స్టాన్‌ఫర్డ్‌లో టోనీ విస్-కోరే బృందం రక్తంలోని ప్రొటీన్లను బట్టి 11 అవయవాలకు విడివిడిగా వయసు కట్టింది. వాళ్లు చూసిన ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక అవయవం మిగతావాటికన్నా బాగా ముసలిదై ఉంది. 2025 సెప్టెంబరులో యూరప్ శాస్త్రవేత్తలు ప్రకటించిన ‘డెల్ఫీ’ నమూనా 4 లక్షల మంది బ్రిటన్ వాసుల వైద్య చరిత్రలు చదివి, వెయ్యికి పైగా జబ్బుల్లో ఏది ఎప్పుడు రావొచ్చో అంచనా కడుతుంది. దాన్ని 19 లక్షల మంది డెన్మార్క్ వాసుల రికార్డులతో సరిచూశారు.

ఇలాంటి అంచనా అక్కరకొచ్చే మొదటి చోటు మృత్యుశయ్య. షికాగోలో చివరి దశ రోగులను చూసుకునే 343 మంది డాక్టర్లను, తమ రోగి ఇంకెన్నాళ్లు బతుకుతాడని అడిగిన అధ్యయనం 2000లో వెలువడింది. సరిగ్గా చెప్పింది నూటికి ఇరవై సార్లే. ఎక్కువసార్లు ఉన్నదానికన్నా ఎక్కువ కాలం చెప్పారు. రోగి మీద ప్రేమ కొద్దీ, బతకాలన్న ఆశ కొద్దీ జరిగే పొరపాటు అది. కానీ దానివల్ల ఇల్లు తాకట్టుపెట్టి ఐసీయూకు కట్టే కుటుంబాలు ఉన్నాయి. బిడ్డల మధ్య, నొప్పి లేకుండా గడపాల్సిన చివరి వారాలు వెంటిలేటర్ మీద గడిచిపోతాయి. 2025లో వచ్చిన ‘ఫేస్‌ఏజ్’ క్యాన్సర్ రోగి ముఖం ఫొటో నుంచి శరీరపు వయసును అంచనా వేసింది. దాన్ని కూడా చూసుకున్నప్పుడు డాక్టర్ల అంచనాలు మెరుగుపడ్డాయి. యంత్రం డాక్టరు స్థానంలో కూర్చోనక్కర్లేదు, పక్కన ఉంటే చాలు.

మన రక్తం, వాళ్ల లెక్క

ఈ యంత్రాలు ఎవరిని చూసి నేర్చుకున్నాయి? డెన్మార్క్, బ్రిటన్, అమెరికా జనాన్ని. బ్రిటన్‌లోని ‘యూకే బయోబ్యాంక్’ 2006–2010 మధ్య చేర్చుకున్న 5 లక్షల మందిలో అత్యధికులు శ్వేతజాతీయులు, పైగా సగటు బ్రిటన్ వాసి కన్నా ఆరోగ్యవంతులు.

మన సంగతి వేరు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు 2009లో ఒక జన్యులోపాన్ని బయటపెట్టారు. గుండె కండరానికి కావాల్సిన ఒక ప్రొటీన్ తాలూకు జన్యువులో 25 అక్షరాలు ఎగిరిపోవడం వల్ల నడివయసు దాటాక గుండె బలహీనపడే ముప్పు పెరుగుతుంది. దక్షిణాసియా వాసుల్లో దాదాపు నూటికి నలుగురిలో ఇది ఉంది. యూరప్ రక్తంతో పాఠాలు నేర్చిన యంత్రానికి ఇలాంటి దాని ఊసే తెలియదు. దేశవ్యాప్తంగా పదివేల మంది జన్యుక్రమాలను సేకరించిన ‘జీనోమ్ ఇండియా’ ఈ లోటు పూడ్చడానికి మొదటి మెట్టు.

జన్యుక్రమం ఒక్కటే చాలదు. ఎవరు ఎందుకు చనిపోయారో కూడా తెలియాలి. మన దేశంలో నమోదయ్యే మరణాల్లో కారణాన్ని డాక్టరు ధ్రువీకరించేవి నాలుగో వంతు కూడా లేవు. మిగతావాళ్ల చావుకు కారణం ‘గుండె ఆగింది’ అన్న మాటతోనే ముగుస్తుంది. పల్లెలో ఇంట్లోనే కన్నుమూసిన తల్లి చావు ఏ పాఠమూ మిగల్చకుండా పోతోంది. ఎలా పోయారో రాసుకోని దేశం ఎలా బతకాలో యంత్రానికి నేర్పలేదు.

ఓపిగ్గా రాసుకుంటే ఏం తెలుస్తుందో చూపిన పని మన దగ్గరే జరిగింది. 1987–90లో హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాలను జాతీయ పోషకాహార సంస్థ ఎంచుకుంది. 15 ఊళ్లలో గర్భిణులకు, పసిపిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వయసుకు వచ్చాక మళ్లీ వెళ్లి కొలిచారు. తిండి అందిన ఊళ్ల పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు మృదువుగా ఉన్నాయి. రేపటి షుగరు, గుండెజబ్బుల లెక్క కొంత తల్లి కడుపులో ఉండగానే, ఆ తల్లి పళ్లెంలోనే మొదలవుతుందని దీని అర్థం. ఏ గడియారమైనా 50 ఏళ్ల మనిషిలో చూసేది ఆ పాత ఆకలిని కూడా.

లెక్క ఎవరి కోసం?

అందుకే ‘నీ ఆయుష్షు తక్కువ’ అన్న అంకెను ఆ మనిషి తప్పుగా చూడటం అన్యాయం. అదే అంకె బీమా కంపెనీ చేతికి వెళ్తే ప్రీమియం పెరుగుతుంది, యజమాని చేతికి వెళ్తే ఉద్యోగం రాదు. చిన్నప్పుడు తిండి దొరకనివాడికి పెద్దయ్యాక బీమా కూడా దొరకదు. అమెరికా ఆసుపత్రుల్లో విరివిగా వాడిన ఒక సాఫ్ట్‌వేర్, ఎవరికి ఎక్కువ వైద్యం అవసరమో చెప్పడానికి గతంలో వాళ్ల మీద అయిన ఖర్చును కొలతగా తీసుకుంది. నల్లజాతివాళ్ల మీద అంతకుముందు ఖర్చు పెట్టిందే తక్కువ. దాంతో వాళ్లు ఎంత జబ్బుతో ఉన్నా ‘అవసరం తక్కువ’ అని తేల్చిందని 2019లో ‘సైన్స్’ పత్రికలో పరిశోధకులు నిరూపించారు. యంత్రానికి పగ లేదు, మనం చేసిన అన్యాయాన్నే లెక్కగా నేర్చుకుంది.

జీవిత, ఆరోగ్య బీమాలో ముప్పును కృత్రిమ మేధతో లెక్కగట్టడాన్ని యూరప్ కొత్త చట్టం ‘అధిక ప్రమాదం’ కేటగిరీలో పెట్టింది. మన దగ్గర 2018లో ఢిల్లీ హైకోర్టు, జన్యు కారణం చూపి ఆరోగ్య బీమాలో వివక్ష చూపడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. అది గుండె కండరాల జబ్బున్న ఒక పాలసీదారు కేసు. మంచి తీర్పే. కానీ ఈసీజీ నుంచో, మిథైల్ గుర్తుల నుంచో, ముఖం ఫొటో నుంచో లాగిన అంకె ‘జన్యు కారణం’ కిందికి వస్తుందా? దీన్ని కోర్టుల వ్యాఖ్యానానికి వదిలేయకూడదు. మనిషి ఆయువు అంచనాను వైద్యానికి తప్ప ఇంకో పనికి వాడరాదని చట్టంలోనే స్పష్టంగా రాయాలి.

ఈ లెక్కలను పారేయమన్నది నా మాట కాదు. ‘నార్మల్’ ఈసీజీలో దాగిన ముప్పును ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ముందే పట్టుకోగలిగితే అంతకన్నా కావాల్సిందేముంది? బీపీ, షుగరు, పొగ, ఊపిరితిత్తులు, చివరికి చిగుళ్లు... ఈ యంత్రాలు తూకం వేసేవాటిలో చాలావరకు మన చేతిలో ఉన్నవే. జాతకం నిజమైతే జ్యోతిష్కుడు గెలిచినట్టు. ఈ శాస్త్రం గెలిచేది తన అంచనా తప్పినప్పుడు, ముప్పుందన్న మనిషి ముప్పు దాటి బతికినప్పుడు.

అలాంటి గెలుపు మనకు తెలియనిది కాదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పేగులకు వచ్చే స్ప్రూ వ్యాధికి ఇద్దరు సోదరులను పోగొట్టుకున్నాడు. తర్వాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఆ వ్యాధికి మందైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆయన మార్గదర్శకత్వంలోనే ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. స్వాతంత్ర్యం నాటికి 32 ఏళ్లున్న భారతీయుల సగటు ఆయుర్దాయం నేడు దాదాపు 70. మందులు, టీకాలు, మంచినీళ్లు, కడుపునిండా తిండి కలిసి దాన్ని రెట్టింపు చేశాయి, చావును ముందే చెప్పడం కాదు. కృత్రిమ మేధ ఆ వరుసలో చేరాలంటే దాని అంకె ముందుగా ఆశా కార్యకర్తకూ, పీహెచ్‌సీ డాక్టరుకూ, అంగన్‌వాడీ బడ్జెట్ రాసే అధికారికీ అందాలి. ఎవరికి ఆయువు తక్కువని తేలిందో వాళ్ల ఇంటికే వైద్యం ముందు వెళ్లాలి. అలా వెళ్లేలా చేయగలిగితేనే ఈ లెక్క కట్టే హక్కు మనకుంటుంది.